చూపుట వేరు, తెలుపుట వేరు
(గూడూరు ప్రాంతపు దర్శనీయ స్థలములు – ఒక విమర్శ)

సంక్రాంతికి ముందు వెనుకలుగా ఉన్నత పాఠశాలలలో విజ్ఞాన యాత్రల సన్నాహము మొదలగును. బస్సు కుదుర్చుకొందురు, పులిహోర పొట్లములు కట్టించుకొందురు, ఒక్క దినములో ఐదారు చోట్లు చూచి రాత్రికి ఇల్లు చేరుదురు. మరునాడు తరగతిలో ఉపాధ్యాయుడు "ఏమి చూచితిరి?" అని అడిగినచో పేర్లు వరుసగా వచ్చును. "ఏమి తెలిసికొంటిరి?" అని అడిగినచో తరగతి మౌనము వహించును. ఈ రెండు ప్రశ్నల నడుమ గల దూరమే ఇక్కడ విచారింపదగిన విషయము.

గూడూరు నెల్లూరు తీరమునకు చెందిన పట్టణము. చెన్నై–విజయవాడ రైలుమార్గమునుండి రేణిగుంట వైపు దారి చీలునది ఇక్కడనే. నిమ్మకాయల వ్యాపారమునకును, అభ్రకమునకును ఈ ఊరు పేరుపొందినది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియము వంటిది గాని, 1851లో వెలసిన మద్రాసు ప్రభుత్వ మ్యూజియము వంటిది గాని ఇట్టి ఊరికి ఉండవలెనని ఎవరును కోరరు. అయినను ఒక్క దినములో పోయి రాదగిన దూరములో శ్రీహరికోట రాకెట్టు కేంద్రము, నేలపట్టు పక్షుల ఆశ్రయము, పులికాట్ సరస్సు, దుగరాజపట్నపు తీరము, సైదాపురము వైపు అభ్రకపు గనులు ఉన్నవి. ఇన్ని రకముల సంపద ఇంత చిన్న ప్రదేశములో అమరుట అరుదు. కాబట్టి లోపము వస్తువులలో లేదు. వాటిని చూపు పద్ధతిలోను, చూచు పద్ధతిలోను ఉన్నది.

దర్శనీయ స్థలమును దేనినైనను మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. ఇది ఏమిటి? ఇది ఇక్కడనే ఎందుకున్నది? ఇది ఎట్లు ఏర్పడినది, లేక ఎట్లు పనిచేయును? మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబిచ్చు చీటీ అంగడిమీది పేరుపలకకంటె ఎక్కువ కాదు. మూడింటికిని జవాబు దొరకినచోటు, అది చెట్టు నీడయైనను, మ్యూజియమే.

శ్రీహరికోట

యాత్రికులలో పెక్కుమంది మొదట పోవు చోటు ఇది. 1971 అక్టోబరు 9న రోహిణి–125 అను చిన్న రాకెట్టుతో ఇక్కడి ప్రయోగములు ఆరంభమైనవి. 2008లో చంద్రయాన్–1, 2023 జూలై 14న చంద్రయాన్–3 ఇక్కడినుండియే బయలుదేరినవి. 2019లో ప్రేక్షకుల కొరకు గ్యాలరీ తెరచిరి. ముందుగా పేరు నమోదు చేసికొనినవారు ప్రయోగమును కన్నులార చూడవచ్చును. అంతరిక్ష ప్రదర్శనశాలయు, నిండు పరిమాణములో నిలిపిన రాకెట్టు నమూనాలును ఉన్నవి.

ఇది మెచ్చదగిన ఏర్పాటు. ఇంత పెద్ద శాస్త్రకార్యమును పల్లెటూరి బాలుడు దగ్గరనుండి చూచు అవకాశము ప్రపంచమున ఎక్కువ చోట్ల లేదు. కాని నమూనా యొక్క పరిమితిని గుర్తింపవలెను. నిండు పరిమాణపు నమూనా ఎత్తును తెలుపును, పనిని తెలుపదు. దాని ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొనిన విద్యార్థికి రాకెట్టు పెద్దదని తెలియును. ఏల అంత పెద్దదో తెలియదు. బయలుదేరునప్పటి బరువులో అత్యధిక భాగము ఇంధనమే అనియు, పైకి చేరునది అందులో అతి స్వల్పమనియు అక్కడ నిలిచియుండగానే బోధింపవలెను.

ఈ దీవినే ఎందుకు ఎన్నుకొనిరి అను ప్రశ్నయు అట్టిదే. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది. భూమధ్యరేఖవద్ద ఆ వేగము సెకనుకు సుమారు 465 మీటర్లు. శ్రీహరికోట అక్షాంశమున సుమారు 450 మీటర్లు. తూర్పుగా విడిచిన రాకెట్టుకు ఈ వేగము ఖర్చులేని బహుమానము. విడిపోయిన భాగములు జనులమీద పడక బంగాళాఖాతములో పడుట రెండవ లాభము. ధ్రువకక్ష్యకు పోవు రాకెట్టును మాత్రము దక్షిణముగా పంపవలెను. అప్పుడు శ్రీలంకమీదుగా పోకుండ దారిని వంచవలసివచ్చును. ఇదంతయు తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒక గ్లోబు సాయముతో గ్రహింపగలడు.

ప్రయోగమును చూచుటయు ఒక ప్రయోగమే కావచ్చును. వెలుగు కనిపించిన క్షణముననే ధ్వని వినిపించదు. 6 కిలోమీటర్ల దూరమునుండి చూచువారికి ధ్వని చేరుటకు 17, 18 సెకన్లు పట్టును. చేతి గడియారముతో ఈ వ్యవధిని కొలిచినవాడు తాను ఎంత దూరమున నిలిచెనో తానే చెప్పగలడు. ఈ ఒక్క పని ముందుగా చెప్పి తీసికొనిపోయినచో తరగతి అంతయు ప్రేక్షకులనుండి పరిశోధకులగును.

విజయములను మాత్రమే చెప్పు ప్రదర్శన సగము ప్రదర్శన. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్.ఎల్.వి.–3 విఫలమై సముద్రములో పడినది; రెండవ దశ నియంత్రణలో ఒక కవాటము సరిగా పనిచేయకపోవుట అందుకు కారణము. లోపమును వెదకి సరిదిద్దినపిదప 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహము కక్ష్యను చేరినది. శాస్త్రపద్ధతి ఏమిటో ఈ రెండు తేదీల నడుమనే ఉన్నది. అట్లే ఈ దీవిలో రాకెట్లకు ముందు అడవియు, తరతరములుగా దానిమీద బ్రతికిన యానాదులును ఉండిరి. కేంద్రము కొరకు వారు తావు విడువవలసివచ్చినది. ఇదియు ఈ చోటి వారసత్వములో భాగమే. శ్రీహరికోటను గూర్చి చెప్పు ఉపాధ్యాయుడు దీనిని దాటిపోరాదు.

నేలపట్టు, పులికాట్

గూడూరుకు దక్షిణముగా, దొరవారిసత్రము దాపున నేలపట్టు చెరువు ఉన్నది. 1976లో ఇది పక్షుల రక్షితస్థలమైనది. విస్తీర్ణము సుమారు 459 హెక్టార్లు. వర్షకాలమున నీటిలో మునిగి బ్రతుకగల బారింగ్టోనియా చెట్లమీద గూడబాతులు వందలుగా చేరి గూళ్లు కట్టును. అక్టోబరునుండి మార్చి వరకు గ్రుడ్లు, పిల్లలు, పెంపకము అన్నియు కన్నులముందే జరుగును.

పైన చెప్పిన మూడు ప్రశ్నలకును ఈ ప్రాంతమున చక్కగా జవాబిచ్చు చోటు నేలపట్టే. ఇక్కడి వస్తువు అద్దముల వెనుక లేదు. తన పని తాను చేసికొనుచున్నది. గూడబాతు ఇక్కడనే ఎందుకున్నది? శత్రువులు ఎక్కలేని నీటి నడిమి చెట్లు గూటికి, చేపలు నిండిన పులికాట్ ఆహారమునకు; రెండును రెక్కల దూరములో ఉన్నవి. అది ఏమి చేయును? సరస్సులో మేసి చెరువులో రెట్ట వేయును. ఆ రెట్టలోని నత్రజని, భాస్వరము నీటితో పొలములకు పారును. ఎరువు చల్లకయే ఎరువు చేరునని చెరువు క్రింది రైతులకు తెలియును. పక్షి, చేప, చెట్టు, వరి ఒక్క గొలుసుగా కనిపించు ఇట్టి పాఠము ఏ పుస్తకమును ఇయ్యజాలదు.

అయితే ఈ పాఠమును చదువుటకు నిశ్శబ్దము, ఓపిక, ఒక దుర్భిణి కావలెను. అరగంటలో వచ్చి అరచి పోవు గుంపునకు చెట్లమీద తెల్లని చుక్కలు తప్ప వేరేమియు కనిపించవు. సూళ్లూరుపేటలో జరుపు ఫ్లెమింగో పండుగ విషయమున కూడ ఇదే ఆక్షేపణ. 2025 జనవరిలో జరిగిన పండుగవంటివి ఊరికి సందడిని తెచ్చును, పక్షుల పేరు పదిమందికి తెలుపును, అంతవరకు మేలే. కాని వేదిక ముందు గడపిన సమయమునకు సమానముగా సరస్సు గట్టున గడపనిచో అది పక్షులపేర జరిగిన తిరునాళ్ల అగును గాని పక్షుల పరిచయము కాదు.

పులికాట్ దేశములో చిలికా పిదప రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. శ్రీహరికోట దీవి దీనికి సముద్రమునకు నడుమ అడ్డుగోడవలె ఉన్నది. వానకాలమున ఏటినీరు వచ్చి ఉప్పు తగ్గును. వేసవిలో ఉత్తరభాగము చాలవరకు ఎండి ఉప్పు తేలును. ఫ్లెమింగోలను రాజహంసలనుట వాడుకయైనను అవి హంసజాతివి కావు. లోతులేని ఉప్పునీటిలో నాచును, సూక్ష్మజీవులను వడబోసి తినును. ఆ ఆహారములోని కెరొటిన్‌జాతి వర్ణద్రవ్యములే వాటి రెక్కలకు గులాబి రంగును తెచ్చును. అనగా రెక్కమీద కనిపించు రంగు సరస్సు అడుగున పుట్టినది. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు గట్టుదారి సరస్సును అడ్డముగా దాటుచున్నది. బస్సును ఒక్క నిమిషము ఆపి, దారికి రెండు వైపుల నీటిమట్టమును, రంగును, పక్షులను పోల్చి వ్రాసికొనుడని చెప్పిన ఉపాధ్యాయుడు రెండు గంటల ఉపన్యాసము చేసినంత చేసినట్లే.

దుగరాజపట్నము

ఇక్కడ చూచుటకు వస్తువు తక్కువ, తెలిసికొనుటకు ఎక్కువ. 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు ఈ తీరమున ఒక వర్తకస్థానమును నెలకొల్పిరి. వారు దీనిని ఆర్మగాన్ అనిరి. ఇక్కడి అధికారియైన ఫ్రాన్సిస్ డే, మేలైన బట్టలు చౌకగా దొరకు తావును వెదకుచు దక్షిణమునకు పోయి 1639లో మద్రాసు నేలను సంపాదించెను. కనుక మద్రాసు నగరపు పుట్టుకలో ఒక అధ్యాయము నెల్లూరు తీరమున ఉన్నది. ఈ మాట చెప్పనిచో విద్యార్థికి అక్కడ ఇసుక, సర్వితోట, దీపస్తంభము మాత్రమే కనిపించును.

దీపస్తంభమునే పాఠముగా చేయవచ్చును. సముద్రమున లోతు తక్కువైన ఆర్మగాన్ తిప్పనుగూర్చి ఓడలను హెచ్చరించుటకు ఇక్కడ దీపము అవసరమైనది. దీపము 30 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. భూమి గుండ్రన కాబట్టి నీటిమట్టమునుండి అది కనిపించు దూరము సుమారు 19½ కిలోమీటర్లు మాత్రమే. ఎత్తు నాలుగు రెట్లయినను దూరము రెండు రెట్లే అగును. స్తంభమును ఎత్తుగా కట్టుటకు ఖర్చెందుకో, ఎంత ఎత్తువరకు లాభమో ఈ లెక్క తెలుపును. శిథిలములు లేని చరిత్రస్థలము కూడ ప్రశ్న వేయగలవానికి వట్టిచోటు కాదు.

కాకిబంగారము

గూడూరుకు తనదైన వస్తువు అభ్రకము. తెలుగువారు దీనిని కాకిబంగారమనిరి. ఆయుర్వేదవైద్యులు భస్మము చేసిరి. గూడూరునుండి సంగము వైపునకు సాగు రాతిపట్టీలో పెగ్మటైటు అను ముతక శిల ఈనెలవలె చొచ్చుకొని ఉన్నది. భూగర్భమున కరిగిన పదార్థము చివరి దశలో, నీటి ఆవిరితో కూడి, మెల్లగా చల్లారుటచే స్ఫటికములు పెద్దవిగా పెరిగినవి. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకము అందులో ముఖ్యమైనవి. నెల్లూరు అభ్రకము లేత ఆకుపచ్చగా ఉండును. బీహారు ప్రాంతపుది కెంపు చాయ కలది. అక్కడ అంచులను కొడవలితోను, ఇక్కడ కత్తెరతోను చక్కజేయుట వాడుక.

ఇది పొరలుగా ఎందుకు విడిపోవును? పొటాసియము, అల్యూమినియము, సిలికన్, ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన ఈ ఖనిజములో ఒక్కొక్క పొర మిల్లీమీటరులో సుమారు పదిలక్షవ వంతు మందము. పొరలోపలి బంధములు గట్టివి; పొరకు పొరకు నడుమ పొటాసియము అయాన్ల పట్టు బలహీనము. అందుచే గోటితో గీరినను ఊడివచ్చును. ఈ కట్టడమును 1930లో లైనస్ పౌలింగ్ విశదపరచెను. పాఠశాలలోని స్క్రూగేజీతో 0.02 మిల్లీమీటర్లు కొలిచిన రేకులో సుమారు 20,000 పొరలున్నవన్నమాట. అణువుల అమరికను చేతివ్రేళ్లతో ముట్టి తెలిసికొనదగిన వస్తువు ఇంతకంటె వేరొకటి దొరకుట కష్టము.

అభ్రకము వేడికి ఓర్చును, విద్యుత్తును పోనీయదు. కనుక ఇస్త్రీపెట్టెలోని తీగకు ఆధారముగా, మోటార్లలో రాగిపట్టీల నడుమ అడ్డుగా, రేడియో వాల్వులలోను కండెన్సర్లలోను విరివిగా వాడిరి. రెండవ ప్రపంచయుద్ధములో ఇది యుద్ధసామగ్రియే అయినది. 1947లో ట్రాన్సిస్టరు పుట్టినది. అది వాల్వులను క్రమముగా తొలగించినది. చిన్న ముక్కలనుండి అభ్రకపు కాగితమును చేయు పద్ధతియు వచ్చినది. పెద్ద రేకులకు గిరాకి తగ్గి గనులు ఒక్కొక్కటిగా మూతపడినవి. అమెరికాలోని ఒక ప్రయోగశాలలో పుట్టిన చిన్న పరికరము సైదాపురపు కూలికుటుంబముల బ్రతుకుదారిని మార్చిన చరిత్ర ఇది.

ఇంకొక విశేషము. గూడూరు పరిసరముల శంకర గనిలో సమర్‌స్కైటు అను నల్లని రేడియోధార్మిక ఖనిజము దొరకినది. రష్యా గనుల అధికారి సమార్‌స్కీ పేరిట ఆ ఖనిజమునకును, 1879లో ఆ ఖనిజమునుండి ఫ్రాన్సులో కనుగొనిన సమేరియము మూలకమునకును పేరు వచ్చినది. తరగతిగోడమీది ఆవర్తనపట్టికలో 62వ గడికి గూడూరు రాయితో చుట్టరికమున్నదని ఎందరు విద్యార్థులకు తెలియును?

ఇంత చెప్పదగిన వస్తువు సామాన్యముగా ఎట్లు చూపబడుచున్నది? అద్దపు బీరువాలో ఒక తునక, దాని క్రింద "అభ్రకము – నెల్లూరు జిల్లా" అను చీటీ. ఏ గని, ఏ శిల, ఎవరు త్రవ్విరి, ఎందుకు వాడిరి అనునవి లేవు. దొరకిన తావు వ్రాయని ఖనిజము భూగర్భశాస్త్రజ్ఞునకు తేదీలేని ఉత్తరమువంటిది. మెరుపును మాత్రము చూపుట మరియొక లోపము. రాతిని తొలచునప్పుడు లేచు సిలికా దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేసి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. రేకు మెరుపుతోపాటు ఆ దుమ్మును చెప్పని ప్రదర్శన నిజాయితీగల ప్రదర్శన కాదు.

ఈ పనికి గడువు కూడ ఉన్నది. గనులవద్ద వ్యర్థముగా పోసిన గుట్టలనుండి తునక అభ్రకమును, పలుగురాతిని ఎత్తి అమ్ముచున్నారు. రేకును వెలుతురుకు ఎత్తి చూచి మచ్చను, తరగతిని చెప్పగల పనివారు, అందును స్త్రీలు, వృద్ధులగుచున్నారు. వారి చేతిలోని విద్య ఏ గ్రంథములోను పూర్తిగా లేదు. రాకెట్టు నమూనాను ఎప్పుడైనను తిరిగి చేయవచ్చును. ఈ విద్య ఒకసారి పోయిన మరల రాదు.

చేయదగినది

చిన్న ఊళ్లు ఈ సమస్యను ఎదుర్కొనుట క్రొత్త కాదు. ఫ్రాన్సులో 1971లో ఒక క్రొత్త మాట పుట్టినది. దానిని తెలుగులో పరిసర మ్యూజియము అనవచ్చును. బొగ్గుకు, ఇనుముకు పేరుపొందిన ల క్రూజో పట్టణమున వస్తువులను భవనములోనికి తెచ్చుటకు మారుగా ఊరినంతటిని మ్యూజియముగా ఎంచి, పనివారినే వివరించువారినిగా చేసికొనిరి. మన దేశములో కలకత్తాలోని బిర్లా మ్యూజియమువారు 1965లో ప్రదర్శనను బస్సుకెక్కించి పల్లె పాఠశాలలకు పంపిరి. తిరుపతిలో 1993నుండి ప్రాంతీయ విజ్ఞానకేంద్రము ఉన్నది. కాబట్టి మార్గము తెలియక కాదు.

పాఠశాలలకు జీతములు చాలవు, సమయము చాలదు, పరీక్షల ఒత్తిడి ఎక్కువ అను మాట నిజమే. కాని ఇక్కడ కావలసినది భవనము కాదు, ఒక అలమర. అందులో ఐదు వస్తువులు చాలును: పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ అంటియున్న అభ్రకపు దిమ్మె; పొరలు విప్పుటకు ఒక విడి రేకు; పాత ఇస్త్రీపెట్టె లోపలి అభ్రకము; పాత రేడియో వాల్వు; అంచులు చక్కజేసిన కత్తెర. గోడమీద గనులు గుర్తించిన ఒక పటము. ఒక్కొక్కదానికి మూడు ప్రశ్నలకు జవాబిచ్చు చీటీ. ఉదాహరణకు దిమ్మెక్రింద ఇట్లు వ్రాయవచ్చును: "అభ్రకము. దొరకిన గని, ఊరు, తేదీ. భూగర్భమున మెల్లగా చల్లారిన ముతక శిలలో పెరిగినది. పొరల నడుమ పట్టు బలహీనము కాబట్టి విడిపోవును; గోటితో విప్పి చూడుడు." చివరి మాట ముఖ్యము. ముట్టరాదు అని వ్రాయుట సులభము. ముట్టి చూడుడు అని వ్రాయుటకు ధైర్యము కావలెను. అభ్రకము చౌక వస్తువు. విరిగిన మరియొకటి పెట్టవచ్చును.

గనిలో పనిచేసినవారిని, రేకులు ఏరినవారిని పాఠశాలకు పిలిచి, వారి కాలమునకు తగిన పారితోషికమిచ్చి, విద్యార్థులచే ప్రశ్నలు వేయించి వ్రాయింపవలెను. పాత గనిగోతులవద్దకు మాత్రము పిల్లలను తీసికొనిపోరాదు. వాటిలో నీరు నిలిచి అంచులు వదులైయుండును. సమర్‌స్కైటు వంటి రేడియోధార్మిక ఖనిజమును తరగతిలో ఉంచరాదు, పటము చాలును.

యాత్రలు మానవలెనని ఈ విమర్శకు అర్థము కాదు. ఆశ్చర్యము విజ్ఞానమునకు గడప. రాకెట్టు మంటను చూచి నోరు తెరచిన బాలుడు ఆ గడపవద్ద నిలిచియున్నాడు. అతనిని లోపలికి తీసికొనిపోవుట ఉపాధ్యాయుని పని. ఐదు చోట్లకు మారుగా రెండు చోట్లకు పోవుదురుగాక. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ప్రశ్నతో బయలుదేరి, దాని జవాబు వ్రాసికొని తిరిగివచ్చుగాక. ఆ జవాబులనుండి మొదటి చీటీ తయారగును. ఆ చీటీ అలమరలో అభ్రకపు దిమ్మె క్రింద అంటిన దినమున గూడూరు పాఠశాలలో మ్యూజియము వెలసినట్లే.